అన్నవాహిక క్యాన్సర్: పెద్ద కోతా, కీహోలా?

అన్నవాహిక క్యాన్సర్‌తో నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చెన్నై ఆసుపత్రులకు వచ్చే మనవాళ్లకు ఈ ప్రశ్న తప్పదు: పెద్ద కోత పెట్టే ఓపెన్ ఆపరేషనా, చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ ఆపరేషనా? రెండింటిలోనూ లోపల చేసే పని ఒకటే. గడ్డ ఉన్న అన్నవాహికను, చుట్టుపక్కల లింఫ్ గ్రంథులను తీసేసి, జీర్ణాశయాన్ని గొట్టంలా మలిచి పైకి లాగి అతుకుతారు. తేడా లోపలికి వెళ్లే దారిలోనే.

ఓపెన్‌లో పక్కటెముకల మధ్య పెద్ద కోత పెడతారు. ఆ నొప్పికి మనిషి గట్టిగా దగ్గలేడు. కఫం నిలిచిపోయి న్యుమోనియా వచ్చే ప్రమాదం ఉంటుంది. అసలు టెన్షన్ అక్కడే. కీహోల్‌లో చిన్న రంధ్రాలే కాబట్టి నొప్పి తక్కువ. ఊపిరితిత్తుల వ్యాయామానికి ఇచ్చే మూడు బంతుల స్పైరోమీటర్ గొట్టం నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చి బంతులు లేపడం కొంత తేలికవుతుంది. 2012లో వెలువడిన యూరప్ అధ్యయనంలో మొదటి రెండు వారాల్లో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ ఓపెన్‌లో 29 శాతం మందికి, కీహోల్‌లో 9 శాతం మందికి వచ్చింది. మూడేళ్ల తర్వాత బతికున్నవాళ్ల లెక్కలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

అతుకు దగ్గర లీకయ్యే ప్రమాదం రెండింటిలోనూ ఉంది. కీహోల్‌తో మొదలుపెట్టి మధ్యలో ఓపెన్‌కి మారాల్సి రావచ్చు. రోగి క్షేమం కోసమే అలా మారుస్తారు, కంగారు పడకండి.

చేయి తిరిగిన టీమ్ దొరికితే నా ఓటు కీహోల్‌కే. అనుభవం లేని చోట కీహోల్ కన్నా, అనుభవమున్న చోట ఓపెనే మేలు. "ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు సార్?" అని మొహమాటం లేకుండా అడగండి. ఏ పద్ధతైనా బీడీ, సిగరెట్ మాత్రం ముందే మాన్పించాలి.