అమ్మమ్మ పందిరి మంచానికి జోడీగా చేయించిన సామాను: ఏడేళ్లు వాడాక

అమ్మమ్మ పందిరి మంచం అమలాపురం నుంచి హైదరాబాద్ వచ్చాక పడగ్గదిలో మిగతావన్నీ వెలవెలబోయాయి. ఆ టేకు మంచం కోళ్ల పక్కన ప్లైవుడ్ వార్డ్‌రోబ్‌ని చూడలేక 2018లో బీరువా, డ్రెస్సింగ్ టేబుల్, మంచానికి అటొకటి ఇటొకటి చిన్న బల్లలు చేయించాం. చెక్క, కూలి, పాలిష్ కలిపి లక్షా అరవై వేలు అయింది.

నేను బోల్తా పడింది రంగు దగ్గర. కొత్తగా కోసిన టేకు పచ్చపచ్చగా, చారలు చారలుగా ఉంటుంది. మంచమేమో ముదురు తేనె రంగు. రెండూ పక్కపక్కన చూసేసరికి టెన్షన్ వచ్చేసింది. "రెండేళ్లు ఆగండమ్మా, అదే ముదురుతుంది" అన్నాడు మేస్త్రి. వింటేగా! బీరువాకి వాల్‌నట్ స్టెయిన్ కొట్టించాను. బల్లల దగ్గరికొచ్చేసరికి స్టెయిన్ అయిపోయి, వాటికి ఉత్త లక్క పాలిష్ పట్టించి వదిలేశాడు. ఇప్పుడు ఆ బల్లలు మంచంతో పాటే పుట్టినట్టున్నాయి. బీరువా మాత్రం స్టెయిన్ కింద చెక్క కూడా ముదిరి, మంచం కన్నా నల్లబడి పరాయిదానిలా నిలబడింది. వచ్చే వేసవిలో గీకించాలి.

లక్క పాలిష్‌కి వేడి పడదు. కాఫీ గ్లాసు పెడితే తెల్లటి గుండ్రటి మరక పడుతుంది. స్పిరిట్‌లో కాస్త తడిపిన గుడ్డతో పైపైన తుడిస్తే మా ఇంట్లో చాలావరకు పోయింది.

మేస్త్రిని మెచ్చుకోవాల్సింది కోళ్ల విషయంలో. అట్టముక్కను మంచం కోడు వంపులకి ఆనించి, కత్తిరించి, మళ్లీ ఆనించి, గంటసేపు తంటాలు పడి అచ్చు తీశాడు. దాన్ని పట్టుకెళ్లి బల్లల కోళ్లు లేత్ మీద తిప్పించుకొచ్చాడు. ఆ మంచం నాలుగు కోళ్లూ ఒకేలా లేవని మాకు తెలిసింది అప్పుడే. చేతి పని కదా! కిటికీ వైపు కోడుకి ఒక కంకణం తక్కువ. మా బల్లలకి అదే పోలిక వచ్చింది.

ఎత్తు కూడా కొలుచుకోండి. పరుపుతో కలిపి మా మంచం 28 అంగుళాలు. షాపుల్లో బల్లలు మోకాలి ఎత్తే ఉన్నాయి, రాత్రి నీళ్లకోసం వంగి తడుముకోవాలి. మావి 26 అంగుళాలకి చేయించాం.

ఇక ఫిర్యాదులు. వానాకాలంలో బీరువా కింది సొరుగు బిగుసుకుపోతుంది. ఒకసారి జూలైలో చిత్రిక పట్టిస్తే సంక్రాంతికల్లా లొడలొడ. అంతకన్నా బాధ, వెనక పలకల్లో రెండు పుచ్చి పొడి రాలడం. టింబర్ డిపోవాళ్లు చేవలేని తెల్ల చెక్క కలిపేశారు, వెనక వైపే కదా అని మేమూ చూసుకోలేదు. కోతప్పుడు దగ్గరుండి చూసుకోవాల్సింది.

డ్రెస్సింగ్ టేబుల్ గురించి చెప్పడానికేం లేదు. దాని మీద ఇస్త్రీ బట్టలు పెడుతున్నాం.