మందు పూత స్టెంట్లలో ఏది మేలు?

యాంజియోగ్రామ్‌లో గుండె రక్తనాళపు పూడిక బయటపడ్డాక, ఆ దారిని తెరిచి ఉంచే చిన్న జాలీగొట్టం, అంటే స్టెంటు, ఇంపోర్టెడ్‌ది వేయాలా, మన దేశంలో తయారైనది సరిపోతుందా అన్న ప్రశ్నకు ఇంట్లోవాళ్లు క్యాథ్ ల్యాబ్ (ఆ చికిత్స చేసే గది) బయట నిలబడి నిమిషాల్లో జవాబు చెప్పాల్సి వస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న మందు పూత స్టెంట్లను పక్కపక్కన పెట్టి చూసినవారు ఆ ప్రశ్నకు అంతగా కంగారు పడనక్కర్లేదని నా అభిప్రాయం.

మందు లేని ఉత్త లోహపు స్టెంటు వేస్తే, ఆ గాయానికి నాళం లోపలి కణజాలం పెరిగి, నలుగురైదుగురిలో ఒకరికి కొన్ని నెలల్లోనే దారి మళ్లీ సన్నబడేది. దీన్ని ఆపడానికి వచ్చిన మొదటి తరం మందు పూత స్టెంట్లలో ముఖ్యమైనవి 2003లో అమెరికా అనుమతి పొందిన సైఫర్, మరుసటి ఏడాది వచ్చిన టాక్సస్. సైఫర్‌లో సిరోలిమస్, టాక్సస్‌లో పాక్లిటాక్సెల్ మందు ఉండేవి. సన్నబడటం బాగా తగ్గింది కానీ, వీటి లోహపు తీగలు 130 నుంచి 140 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉండటం వల్లా, మందు అయిపోయాక కూడా దాన్ని పట్టి ఉంచే పాలిమర్ పూత నాళంలోనే మిగిలిపోవడం వల్లా, ఏడాది దాటిన తర్వాత సైతం కొందరిలో స్టెంటు లోపల రక్తం గడ్డకట్టింది. 2006లో బార్సిలోనాలో జరిగిన గుండె వైద్యుల సదస్సును ఈ భయమే కుదిపేసింది.

అసలు మలుపు తర్వాతి తరం స్టెంటు జియెన్స్‌తో వచ్చిందని నేను భావిస్తాను. కోబాల్ట్ క్రోమియంతో చేసిన 81 మైక్రాన్ల తీగ, ఎవరోలిమస్ మందు, రక్తం అంతగా అంటుకోని ఫ్లోరిన్ పాలిమర్ దాని బలాలు. 3,687 మందితో జరిగిన స్పిరిట్-4 పరీక్షలో, వేసిన చోట ఏడాదిలోపు తిరిగి సమస్య వచ్చినవారు టాక్సస్‌తో 6.8 శాతం ఉండగా, దీనితో 4.2 శాతమే. జోటరోలిమస్ మందు ఉన్న రిజల్యూట్ స్టెంటు దీనికి సమానంగా నిలిచింది. దాని తర్వాతి రూపమైన ఆనిక్స్ 5 మిల్లీమీటర్ల వ్యాసం దాకా దొరుకుతుంది కనుక పెద్ద నాళాలకు అనుకూలం. సినర్జీ అనే మరో స్టెంటులో పాలిమర్ నాళపు గోడ వైపు మాత్రమే ఉండి, నాలుగు నెలల్లో కరిగిపోతుంది.

పూర్తిగా కరిగిపోయే స్టెంటుగా ఎన్నో ఆశలు రేపిన అబ్సార్బ్ మాత్రం నిలబడలేదు. దాని తీగల మందం సుమారు 150 మైక్రాన్లు. గడ్డకట్టే ప్రమాదం ఎక్కువని తేలడంతో 2017లో అమ్మకం ఆపేశారు. కొత్తదనమే మేలు అనుకునేవారు ఈ ఉదాహరణను తప్పక గుర్తుంచుకోవాలి.

మన దేశపు స్టెంట్ల విషయంలో చాలామందికి ఉన్న చిన్నచూపు నాకు బాధ కలిగిస్తుంది. 1990లలోనే హైదరాబాదులో గుండె వైద్యుడు డాక్టర్ సోమరాజు, శాస్త్రవేత్త అబ్దుల్ కలాం కలిసి చవకైన లోహపు స్టెంటును రూపొందించారు. సూరత్‌కు చెందిన సహజానంద్ కంపెనీ తయారుచేసే 60 మైక్రాన్ల సుప్రాఫ్లెక్స్‌ను యూరప్‌లోని ఆస్పత్రుల్లో జియెన్స్‌తో నేరుగా పోల్చిన టాలెంట్ పరీక్షలో, ఏడాదికి వైఫల్యం దీనితో 4.9 శాతం, జియెన్స్‌తో 5.3 శాతం వచ్చింది. అంటే ఏ మాత్రం తీసిపోలేదు. పైగా 2017లో కేంద్రం మందు పూత స్టెంట్లన్నిటికీ కలిపి 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. ఆ పరిమితి తర్వాత మారుతూ వచ్చినా, స్వదేశీ, విదేశీ అన్న తేడా లేకుండా అన్నిటికీ ఒకటే.

కాబట్టి పేరు కన్నా, స్టెంటు పూర్తిగా విచ్చుకుందా, సున్నం పేరుకున్న పూడికను ముందు సరిగా సిద్ధం చేశారా అన్నది ముఖ్యం. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్‌ను మామూలుగా ఆరు నెలలు, గుండెపోటు వచ్చినవారు ఏడాది వాడాలి. రక్తస్రావ ప్రమాదాన్ని బట్టి ఈ గడువును వైద్యుడే మారుస్తారు. పన్ను తీయించుకోవడానికి కూడా సొంతంగా ఆపకూడదు.

బిల్లులో స్టెంటు ధర, బ్రాండు, కంపెనీ, బ్యాచ్ నంబరు విడిగా చూపించాలన్నది నియమం. డబ్బా మీది స్టిక్కరుపై 3.0, 28 అని ఉంటే మొదటిది వ్యాసం, రెండోది పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. ఆ స్టిక్కరును అడిగి తీసుకొని డిశ్చార్జి కాగితాలతో భద్రపరిస్తే, తర్వాత ఏ ఊళ్లో చూపించుకున్నా అక్కడి వైద్యుడికి పని సులువవుతుంది.