అడాప్టర్‌తో వచ్చే ఎల్‌ఈడీ దండ: కొనొచ్చు, కానీ అడాప్టర్‌ను చూసి

ఇంటి అలంకరణకు సీరియల్ సెట్ కొనేటప్పుడు మా ఓటు అడాప్టర్‌తో వచ్చే 24 వోల్టుల ఎల్‌ఈడీ దండకే. నేరుగా ప్లగ్‌లో పెట్టే సెట్‌లో వైరు తొక్క ఎక్కడ ఊడినా మెయిన్స్ కరెంటే తగులుతుంది. దండ ఆరిపోయినా వైర్లో కరెంటు ఉండొచ్చు, అదే అసలు ప్రమాదం. అడాప్టర్ రకంలో మెయిన్స్ కరెంటు అడాప్టర్ దగ్గరే ఆగిపోతుంది. వేడీ తక్కువే: 100 పాత మినీ బల్బులు సుమారు 40 వాట్లు లాగితే, ఇవి 5-7 వాట్లతో సరిపెడతాయి.

లోపం ఒకటుంది. పెట్టె మీద ఐపీ44 (నీటి తుంపర్లను తట్టుకునే రేటింగ్) అని ఉన్నా అది ఒక్కోసారి దండకే వర్తిస్తుంది. అడాప్టర్ ఐపీ20 (నీటి నుంచి రక్షణ లేనిది) అయితే బయట పెట్టకూడదు. రెండింటి రేటింగూ విడిగా చూడండి. బాల్కనీలో వేలాడదీస్తే అడాప్టర్‌ను లోపలే ఉంచి, వైరును దానికి ముందు కాస్త కిందికి వంచండి. నీటి చుక్కలు ఆ వంపులోనే రాలిపోతాయి. అడాప్టర్ పెట్టే సాకెట్‌కు 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపేసే స్విచ్) రక్షణ ఉండాలి.

మేకులు, స్టేపుల్ పిన్నులు వైరు తొక్కను చీలుస్తాయి. ప్లాస్టిక్ హుక్కులు వాడండి. చుట్ట పూర్తిగా విప్పాకే ప్లగ్ పెట్టండి. తయారీదారు అనుమతిస్తేనే రెండో దండ కలపండి, అప్పుడూ మొత్తం వాట్లు అడాప్టర్ మీది అంకె దాటకూడదు.