మొదటి ట్రాక్ డే: తిరుపతి నుంచి ఇరుంగట్టుకోట్టై దాకా బండి, బస, ఖర్చు పెట్టాల్సిన చోట్లు

తిరుపతి వాళ్లకి దగ్గర్లో బండిని పోలీసు భయం, ఎదురొచ్చే లారీ భయం లేకుండా పూర్తిగా తిప్పగలిగే చోటు ఒక్కటే ఉంది. అది శ్రీపెరుంబుదూరు దాటాక ఇరుంగట్టుకోట్టైలో ఉన్న రేస్ ట్రాక్. పాతవాళ్లు ఎంఎంఆర్‌టీ (మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్) అంటారు, ఇప్పటి పేరు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. 1990లో మొదలైంది. ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. అంతకుముందు మద్రాసు రేసులు షోలవరంలో యుద్ధకాలం నాటి రన్‌వే మీద జరిగేవి. ఇరుంగట్టుకోట్టై మన ఊరి నుంచి 120 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. చిత్తూరు వాళ్లు రాణిపేట మీదుగా బెంగళూరు హైవే ఎక్కితే నేరుగా పోవచ్చు.

ఈ మధ్య అక్కడ కొత్తవాళ్ల కోసం పెట్టిన ట్రాక్ డేకి, అంటే డబ్బు కట్టి మన బండిని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజుకి, నా యమహా ఆర్15 బైకు తీసుకుని వెళ్లొచ్చాను. వెళ్లేముందు ఎవరిని కదిపినా ఎగ్జాస్ట్ (సైలెన్సర్) మార్చావా, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటరు) ట్యూనింగ్ చేయించావా అన్న ప్రశ్నలే. రెండూ చేయించలేదు, వాటి అవసరమూ రాలేదు. మొదటిసారి వెళ్లేవాళ్లు డబ్బు పెట్టాల్సింది బ్రేకుల మీద, టైర్ల మీద, ఒంటికి వేసుకునే వాటి మీద.

బ్రేకులు ఎందుకంటే, తిరుమల ఘాట్‌లో ఎంత తిరిగినా వాటికి అసలు పరీక్ష రాదు. అక్కడ పైకి ఒక రోడ్డు, కిందికి ఒక రోడ్డు, అడుగడుక్కీ భక్తుల బండ్లు. వేగం పట్టే చోటు కాదు, పట్టకూడదు కూడా. ట్రాక్‌లో అలా కాదు. ప్రతి చుట్టులోనూ టాప్ స్పీడు నుంచి గట్టిగా బ్రేకు పట్టాలి, డిస్కు చల్లారేలోపే మళ్లీ పట్టాలి. ఆ వేడికి పాత బ్రేక్ ఆయిల్ మరిగిపోతుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాల్లో తేమ పీల్చుకున్నాక అది 155 డిగ్రీలకే మరగొచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు చేరతాయి, లివర్ మెత్తబడి హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు.

షోరూంలో అడిగితే "ఇంకా కిలోమీటర్లు కాలేదు సార్, ఇప్పుడే మార్చక్కర్లేదు" అన్నారు. వాళ్ల పట్టిక ప్రకారం నిజమే కావచ్చు, ఆ పట్టిక రోడ్డు కోసం రాసింది. లీలామహల్ సెంటర్ దగ్గర సందులో ఉన్న మెకానిక్ అన్న దగ్గరికి పోయాను. ఆయన ముందు చక్రం కాలిపర్ (డిస్కుని పట్టుకునే బ్రేకు భాగం) నుంచి ఒక బ్రేకు ప్యాడు ఊడదీసి, గోరు పెట్టి మందం చూపించాడు. "రోడ్డు మీదైతే ఇంకో మూడు నెల్లు వస్తాది తమ్ముడూ. ఆడ ఒక పూట గూడా రాదు, మార్చేద్దాం." బ్లీడ్ చేస్తుంటే, అంటే పాత ఆయిల్, గాలి బయటికి తీస్తుంటే, పైపులోంచి వచ్చిన ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది. తేటగా, బుడగ లేకుండా వచ్చేదాకా వదల్లేదు ఆయన. షోరూంలో బిల్లు, వారంటీ ఉంటాయి. ఈ పనికి మాత్రం మన ఎదుటే విప్పి చూపించే మెకానిక్కే మేలని నా అభిప్రాయం.

టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెలు చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. రబ్బరు గట్టిపడిన పాత టైరుకి పట్టు మిగలదు, గీతలు ఎంత లోతున్నా లాభం లేదు. గాలి రోడ్డు మీద పెట్టేదానికంటే కాస్త తగ్గించాలి, ఎందుకంటే తిరిగేకొద్దీ వేడికి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. ఎంత తగ్గించాలో మన టైరు చూసి అక్కడి శిక్షకులే చెబుతారు. సొంత గేజి ఒకటి కొనుక్కోండి, పెట్రోలు బంకు గేజిని నమ్మొద్దు. చైన్ బిగువు, రెండు చక్రాల యాక్సిల్ నట్లు, ఆయిల్ డ్రెయిన్ బోల్టు, హ్యాండిల్ బేరింగ్ ఇక్కడే చూపించుకోవాలి. కొందరు నిర్వాహకులు రేడియేటర్‌లో కూలెంట్ బదులు మంచినీళ్లు పోయమంటారు. కూలెంట్ ఒలికితే జారుడు ఎక్కువ, వెనక వచ్చేవాడు పడతాడు. ముందే ఫోన్ చేసి కనుక్కోండి. అద్దాలు విప్పడం, లైట్లకి టేపు వేయడం అక్కడికి పోయాక పది నిమిషాల పని.

ఇంకోటి, ఇన్సూరెన్స్ కాగితం తీసి చదవండి. రేసులకి, స్పీడ్ టెస్టింగ్‌కి వాడితే పాలసీ వర్తించదని అందులోనే ఉంటుంది. ట్రాక్‌లో పడితే బండి ఖర్చు మనదేనని మనసులో అనుకునే బయల్దేరాలి.

బండి తోలుకుపోవాలా, టాటా ఏస్‌లో ఎక్కించాలా అని చాలామంది అడుగుతున్నారు. వెళ్లేటప్పుడు పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా నడుపుకుంటూనే పోయాను. పెట్రోలు తమిళనాడులో చవక, కాబట్టి తిరుపతిలో ట్యాంకు నింపొద్దు, సరిహద్దు దాటాక నింపుకోండి. పుత్తూరు పేరెత్తగానే అమ్మకి ఎముకల కట్టు గుర్తొచ్చి దిగులు పడింది. ఆ దిగులు న్యాయమైనదే. అందుకే బుకింగ్ చేసేముందే ట్రాక్ పక్కన అంబులెన్స్, డాక్టరు రోజంతా ఉంటారా అని అడిగి తెలుసుకున్నాను. ఈ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పని నిర్వాహకులకి డబ్బు కట్టొద్దు.

తెల్లవారుజామునే తిరుపతిలో లేచి పోవడం కంటే ముందురోజు సాయంత్రానికే శ్రీపెరుంబుదూరు చేరడం మంచిది. నిద్ర చాలకపోతే ట్రాక్‌లో కన్ను మలుపు దాకా చూడదు, ముందు చక్రం దగ్గరే ఆగిపోతుంది. ఆ ఊరి చుట్టూ అన్నీ ఫ్యాక్టరీలే, హోటళ్లు కంపెనీ పనుల మీద వచ్చినవాళ్లతో నిండుతాయి, గది ముందే చెప్పి ఉంచుకోవాలి. నేను దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది కానీ బండి పెట్టే చోటికి గేటు లేదు. రాత్రి రెండుసార్లు లేచి చూసుకోవాల్సి వచ్చింది. ఏసీ ఉందా అని అడిగేముందు పార్కింగ్‌కి తాళం ఉందా అని అడగండి. సాయంత్రం వేళ చిక్కితే రామానుజులవారు పుట్టిన ఊరు కదా, ఆదికేశవ పెరుమాళ్ గుడికి వెళ్లిరండి. మన గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించింది ఆయనే అని చెప్పుకునే వాళ్లం, అంత దగ్గరికి పోయి చూడకుండా ఎలా వస్తాం?

లెదర్ సూట్ మొదటిసారికి కొనక్కర్లేదు, అద్దెకి దొరుకుతుంది. కానీ నాకు పంపింది భుజాల దగ్గర వదులైంది. వదులు సూట్‌లో పడితే మోచేతి రక్షణ పక్కకి జరిగిపోతుంది. గొడవపడి మార్పించుకున్నాను. వేసుకుని, బండి మీద వంగి కూర్చుని చూశాకే ఒప్పుకోండి. హెల్మెట్, గ్లౌజులు మాత్రం సొంతవే ఉండాలి.

పొద్దున బ్రీఫింగ్‌లో జెండాల గురించి చెప్పేది శ్రద్ధగా వినాలి. పసుపు కనబడితే ముందు ప్రమాదం, ఓవర్‌టేక్ చేయకూడదు. ఎరుపు కనబడితే ఆ సెషన్ ఆగిపోయినట్టే, మెల్లగా పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటికి) రావాలి. ఒక్కో సెషన్ 15, 20 నిమిషాలు. తక్కువనిపిస్తుంది కానీ ఆ ఎండలో, ఆ తోలు సూట్‌లో దిగేసరికి చేతులు వణుకుతాయి. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతిసారీ ఓఆర్ఎస్ తాగాను. క్యాంటీన్ భోజనం బాగానే ఉంది, మధ్యాహ్నం మాత్రం సగమే తినండి.

పెద్ద స్ట్రెయిట్ (నేరుగా ఉండే దారి) చివర సి1 అనే మొదటి మలుపు వస్తుంది. మొదట్లో అక్కడ అందరూ భయంతో ముందే యాక్సిలరేటర్ వదిలేస్తారు. మా శిక్షకుడు నన్ను తన వెనకే రమ్మని, మలుపుకి ముందే తల తిప్పి బయటికి పోయే చోటు వైపు చూడమన్నాడు. అదొక్కటి పట్టుబడ్డాక బండి దానంతటదే ఒదిగింది. 155 సీసీ బండికి అక్కడ ఏం తక్కువైందని నాకు అనిపించలేదు. పెద్ద బండ్ల మీద వచ్చినవాళ్లు స్ట్రెయిట్‌లో దాటిపోయి, మలుపుల్లో మళ్లీ దొరికేవారు. మొదటి బండి చిన్నదైతేనే నేర్చుకోవడం తేలిక.

తిరుగు ప్రయాణానికి మాత్రం టాటా ఏస్ మాట్లాడుకున్నాం, తిరుపతి, రేణిగుంట నుంచి వచ్చిన ముగ్గురం పంచుకుంటే భారం అనిపించలేదు. ఒళ్లు అలిసిపోయి ఉంటుంది, పైగా రోజంతా అలవాటైన వేగానికి తిరువళ్లూరు రోడ్డు మీద 80 కూడా నత్తనడకలా తోస్తుంది. ఆ స్థితిలో బండి ఎక్కకూడదు. నడుపుకునే రావాలనుకుంటే ఆ రాత్రి అక్కడే పడుకుని, అద్దాలు బిగించి, టేపు పీకి, టైర్లలో గాలి మళ్లీ రోడ్డు లెక్కకి పెంచుకుని, ప్యాడ్లు ఇంకోసారి చూసుకుని పొద్దున్నే బయల్దేరండి.