బట్టతలకు జన్యు పరీక్ష: నివేదికలో ఉన్నదెంత, లేనిదెంత

వంశపారంపర్యంగా వచ్చే బట్టతల ముప్పును డీఎన్ఏ పరీక్షతో ముందే అంచనా వేసి, దానికి తగిన ‘జన్యు చికిత్స’ సూచిస్తామంటూ హైదరాబాద్‌లోని ఒక కేశ చికిత్స కేంద్రం అందిస్తున్న సేవను ఇటీవల తీసుకున్నాను. మా అమ్మగారి తండ్రికీ, ఇద్దరు మేనమామలకూ ముప్పై దాటేసరికే నడినెత్తి పలచబడింది. నాకూ నుదుటికి రెండు పక్కలా జుట్టు వెనక్కి జరుగుతుండడంతో, 6,000 రూపాయలకు పైగా ఖర్చవుతుందని తెలిసినా చేయించుకున్నాను.

నమూనా సేకరణ వరకు వారి పనితీరులో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఇంటికి పంపిన పెట్టెలో బుగ్గ లోపల రుద్దుకునే దూది పుల్లలు, వాటిని భద్రపరిచే గొట్టాలు, తెలుగులో అచ్చువేసిన సూచనల కాగితం ఉన్నాయి. నివేదిక కూడా చెప్పిన గడువులోనే అందింది.

చిక్కంతా ఆ నివేదికతోనే. మొదటి పేజీలోనే ఆండ్రోజెన్ రిసెప్టర్ (మగ హార్మోన్లను కణాలు అందుకునే గ్రాహకం) జన్యువు ఎదురుగా ఎర్రటి పట్టీ గీసి ‘అధిక ముప్పు’ అని రాశారు. ఈ జన్యువుకూ బట్టతలకూ సంబంధం ఉందని 2001లో పరిశోధకులు ప్రకటించిన మాట నిజమే. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగవారికి ఆ క్రోమోజోమ్ తల్లి నుంచే వస్తుంది గనుక, మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే మేనమామ పోలికలో కొంత వాస్తవం ఉంది. అయితే 2008లో 20వ క్రోమోజోమ్ మీద మరో చోటు బయటపడింది. అది తండ్రి నుంచి కూడా రావచ్చు. 2017లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు 52,000 మందికి పైగా బ్రిటన్ పురుషుల సమాచారాన్ని పరిశీలించి, బట్టతలతో ముడిపడిన 280కి పైగా జన్యు ప్రాంతాలను గుర్తించారు. అంత పెద్ద అధ్యయనంలోనూ, జన్యు ముప్పు తక్కువగా ఉన్న సగం మందిలో 14 శాతం మందికి జుట్టు తీవ్రంగానే ఊడింది. ఇక వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని జన్యువులను మాత్రమే చూసిన నా నివేదిక ఏ ధైర్యంతో ఎర్ర పట్టీ గీసిందో అర్థం కాలేదు. పోల్చి చూసింది ఏ ప్రజల డీఎన్ఏతోనో, ఆ లెక్కలు తెలుగువారికి వర్తిస్తాయో లేదో చెప్పే వాక్యం ఒక్కటైనా అందులో లేదు.

చివరి పేజీలో సూచించిన ‘జన్యు సీరం’ విషయంలో నాకు నిజంగా కోపం వచ్చింది. సీసా మీది సన్నటి అక్షరాలు చదివితే అందులోని అసలు మందు 5 శాతం మినాక్సిడిల్. అమెరికాలో 1988 నుంచే బట్టతలకు అమ్ముతున్న ఆ మందు మంచిదే, చాలామందికి కొంత గుణం కనిపిస్తుంది. కానీ అది ఏ జన్యువునూ తాకదు, మానేస్తే వచ్చిన జుట్టూ నిలవదు. బట్టతలకు కారణమైన జన్యువులను సరిదిద్దే చికిత్స ఏదీ ఇప్పటివరకు మనుషులకు ఆమోదం పొందలేదు. డీఎన్ఏను కత్తెరలా కోసి సరిచేసే క్రిస్పర్ అనే పద్ధతితో ప్రయోగాలు జరిగినా అవి ఎలుకల దశలోనే ఉన్నాయి. తల మీద దాదాపు లక్ష కుదుళ్లు ఉంటాయి, వాటిలోని కణాలకు ఆ కత్తెరను సురక్షితంగా చేర్చడం చిన్న పని కాదు.

జన్యు పరిశీలన వల్ల ఇప్పటికే దక్కిన మేలు ఒకటుంది, దాని గురించి మాత్రం నివేదికలో వివరం లేదు. డొమినికన్ రిపబ్లిక్‌లో 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము జన్యులోపం వల్ల పుట్టుకతోనే లోపించిన కొందరి గురించి 1974లో పరిశోధకులు రాశారు. టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్‌ను, జుట్టు కుదుళ్లను కుదించే డీహెచ్‌టీ అనే మరో హార్మోన్‌గా మార్చేది ఆ ఎంజైమే. అది లోపించిన మగవారికి బట్టతల రాలేదు, ప్రోస్టేట్ గ్రంథి కూడా చిన్నదిగానే ఉండిపోయింది. ఆ ఎంజైమును అడ్డుకునే ఫినాస్టరైడ్ అనే మందుకు అమెరికాలో 1992లో ప్రోస్టేట్ వాపు కోసం, 1997లో 1 మిల్లీగ్రాము మోతాదులో బట్టతల కోసం అనుమతి లభించింది. కొందరిలో లైంగిక సంబంధమైన దుష్ఫలితాలు ఉంటాయి గనుక దీన్ని వైద్యుల సలహాతోనే వాడాలి.

ఈ పరీక్ష ధరలో చిన్న వంతుకే మరోచోట ఒక చర్మవైద్యురాలు నా తలను ట్రైకోస్కోప్‌తో, అంటే వెంట్రుకలను, కుదుళ్లను పెద్దవిగా చేసి చూపే పరికరంతో పరీక్షించారు. తలవెనుక వెంట్రుకలన్నీ ఒకే లావున నల్లగా ఉండగా, నడినెత్తి మీద ఒక లావాటి వెంట్రుక పక్కనే రెండు నూగు వెంట్రుకలు తెరమీద కనిపించాయి. “కుదుళ్లు చచ్చిపోలేదండీ, చిన్నవవుతున్నాయి. మందు మొదలుపెట్టాల్సింది ఇప్పుడే,” అన్నారావిడ. డీహెచ్‌టీ ప్రభావం ఎక్కడ, ఎంత పడిందో నాకు తెలిసింది అక్కడే.

అందుకే ఈ సేవకు 5కి 2 ఇస్తున్నాను. ఆ రెండూ నమూనా సేకరణకూ, సమయపాలనకూ. ఇప్పటికే జుట్టు పలచబడుతున్నవారు ఈ డబ్బును చర్మవైద్యుల ఫీజుకు, మందులకు వాడుకోవడం మేలు. కేవలం కుతూహలంతో చేయించుకోదలచినవారు సంతకం పెట్టే ముందు డీఎన్ఏ సమాచారాన్ని ఏం చేస్తారో రాతపూర్వకంగా అడగండి. నేను అడిగితే నమూనాను ధ్వంసం చేశామని, సమాచారాన్ని మాత్రం ‘పరిశోధన కోసం’ ఉంచుకున్నామని జవాబిచ్చారు. దాన్నీ తొలగించమని రాసిన లేఖకు ఇంకా బదులు రాలేదు.