ఇంటర్నెట్ పెత్తనం: ప్రభుత్వాల సభ మేలా, అందరి సభ మేలా?

ఇంటర్నెట్ మీద అజమాయిషీ ఎవరిదన్న తగాదా మా వైపు రచ్చబండల దాకా రాలేదు. కానీ ఒంగోలులో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైన ఒక మాస్టారికీ, నెల్లూరులో డొమైన్ పేర్లు (వెబ్‌సైట్ల చిరునామాలు) అమ్మే ఒక కుర్రాడికీ మధ్య అది ఎడతెగకుండా నడుస్తూనే ఉంటుంది. "చిరునామాల మూల జాబితా కాలిఫోర్నియా సంస్థ చేతిలో ఎందుకు బాబూ? దానికి ఓటేసిందెవరు?" అని మాస్టారు. "ప్రభుత్వాల చేతిలో పెడితే మనల్ని నోరెత్తనిస్తారా మాస్టారూ?" అని కుర్రాడు. ఇద్దరి మాటలోనూ పస ఉంది.

మాస్టారు మొగ్గు చూపేది ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం) తరహా ఏర్పాటుకు, అంటే ప్రభుత్వాల సభకు. టెలిగ్రాఫ్ తీగల కోసం 1865లో పుట్టి, తర్వాత ఐక్యరాజ్యసమితి గొడుగు కిందికి వచ్చిన సంస్థ అది. అక్కడ దేశానికి ఒక ఓటు. కుర్రాడిది ఐకాన్ పక్షం, అంటే అందరి సభ. మాస్టారన్న కాలిఫోర్నియా సంస్థ ఇదే, ఇంటర్నెట్ చిరునామాల మూల జాబితాను చూసుకునేది. 1998లో లాభాపేక్ష లేని సంస్థగా మొదలైన ఐకాన్‌లో కంపెనీలు, ఇంజనీర్లు, వాడుకరుల సంఘాలు కలిసి విధానాలు రూపొందిస్తాయి. ప్రభుత్వాలది సలహా చెప్పే స్థానం. మూల జాబితా పనిపై అమెరికా ప్రభుత్వానికి ఉన్న కాంట్రాక్టు 2016 అక్టోబరు 1న ముగిసింది.

నా లెక్కలో అసలు పరీక్ష కుర్చీలో ఎవరున్నారన్నది కాదు. పెన్నా డెల్టాలో చివరి ఆయకట్టు రైతును అడగండి. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి, కాలువ బాధ్యతలో రైతుకూ వాటా దక్కింది. సంఘం అధ్యక్షుడు మన ఊరివాడే అయినంత మాత్రాన తూము ఎత్తరు. నీళ్లెందుకు రాలేదని నిలదీసినవాడికి జవాబు చెప్పక తప్పని పరిస్థితి ఉంటేనే కదులుతారు. విమర్శించేవాడికి రెండు సభల్లోనూ ఏం దక్కుతుందో అలాగే చూడాలి.

ప్రభుత్వాల సభలో మనకు ఒక పట్టు ఉంది, దాన్ని తీసిపారేయలేం. భారత ప్రతినిధి అక్కడ ఏం మాట్లాడారో పార్లమెంటులో ప్రశ్న వేయించవచ్చు, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. అయితే అదే చట్టంలోని 8(1)(ఎ) సెక్షన్, విదేశీ సంబంధాలు దెబ్బతింటాయంటే సమాచారం ఇవ్వనక్కర్లేదంటుంది. 2012 డిసెంబరులో దుబాయిలో జరిగిన ఐటీయూ సదస్సుకు ముందు దేశాలు పెట్టిన ప్రతిపాదనలు సభ్యులకే పరిమితం. బయటివాళ్లు వాటిని చదివింది, ఎవరో బయటపెట్టబట్టి. చివరికి ఆ ఒప్పందంపై 89 దేశాలు సంతకం చేశాయి, భారత్ అక్కడ చేయలేదు. మన ప్రభుత్వానికీ ఈ విషయంలో ఒకే మాట లేదు. 2011లో ఐక్యరాజ్యసమితిలో ఇంటర్నెట్ విధానాలకు ప్రత్యేక కమిటీ కావాలన్నది మనమే, 2015లో అందరి సభే మేలని ప్రకటించిందీ మనమే.

ఐకాన్ తలుపులు తెరిచే ఉంటాయి. 2016 నవంబరులో హైదరాబాదులో దాని సమావేశం జరిగినప్పుడు ప్రవేశ రుసుము లేదు, నెల్లూరు నుంచి రైలెక్కి వెళ్లి మైకు ముందు నిలబడినా కాదనేవారు లేరు. (సమావేశం నడుస్తుండగానే నవంబరు 8 రాత్రి పాత నోట్లు రద్దయ్యాయి. విదేశీ ప్రతినిధుల పాట్లు ఊహించుకోవచ్చు.) తెలుగు లిపిలో చిరునామాలకు నియమాలు రాసినప్పుడు కూడా ముసాయిదాను అందరి అభిప్రాయాలకు పెట్టారు. ర, జ వంటి అక్షరాలకు కన్నడంలో కవలలున్నాయి కనుక ఒకదాని బదులు ఇంకొకటి పెట్టి మోసం చేయకుండా కట్టడి చేశారు. ఇలాంటి పని ఓట్లతో తేలదు. అక్షరం తెలిసినవాళ్లు కూర్చుని తేల్చాలి.

అయితే చెప్పుకోనివ్వడం వేరు, చెప్పింది వినడం వేరు. డాట్ ఆర్గ్ సంగతే చూడండి. మన దగ్గర గ్రంథాలయాల నుంచి రక్తదాన సంఘాల దాకా వాడే చిరునామా అది. దాని ధరకున్న పరిమితి ఎత్తేస్తామని 2019లో ఐకాన్ అంటే మూడు వేలకు పైగా అభిప్రాయాలు వచ్చాయి, దాదాపు అన్నీ వద్దనే. అయినా ఎత్తేసింది. కొన్ని నెలలకే, నవంబరులో, డాట్ ఆర్గ్ చిరునామాల పట్టీని నడిపే సంస్థను (రిజిస్ట్రీని) ఒక పెట్టుబడి సంస్థకు అమ్మబోతున్నట్టు వార్త. ధర 113 కోట్ల డాలర్లకు పైనే. గగ్గోలు రేగింది. కాలిఫోర్నియా రాష్ట్ర ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్ అభ్యంతరం చెబుతూ లేఖ రాశాకనే 2020 ఏప్రిల్ 30న ఐకాన్ ఆ బదిలీని తిరస్కరించింది. వేల గొంతుల అరుపుకు కదలనిది ఒక లేఖకు కదిలిందన్నమాట, మాస్టారి వాదనకు ఇంతకన్నా బలం ఏం కావాలి? ఆ లేఖ రాసే అధికారికి ఓటేసింది కాలిఫోర్నియావాళ్లు, కందుకూరువాళ్లు కాదు.

పాత కథ ఇంకొకటి. 2000లో వాడుకరులు ఓట్లేసి ఎన్నుకున్న డైరెక్టరు కార్ల్ ఔర్బాక్ సంస్థ రికార్డులు చూపమంటే ఐకాన్ యాజమాన్యం షరతులు పెట్టింది. ఆయన దావా వేసి 2002లో లాస్ ఏంజెలెస్ కోర్టులో గెలిచాడు. ఆ తర్వాత సంస్కరణల పేరుతో అసలు ఆ ఎన్నికలకే మంగళం పాడారు!

ఇంత జరిగినా నా మొగ్గు అందరి సభ వైపే. డాట్ ఆర్గ్ ధరల వ్యవహారంపై ఒక డొమైన్ కంపెనీ, ఐకాన్ నిర్ణయాలను బయటి మధ్యవర్తులు విచారించే స్వతంత్ర సమీక్షకు వెళితే, 2022 డిసెంబరులో ఆ మధ్యవర్తులు ఐకాన్ తన సొంత ఉపనియమాలనే మీరిందని, తెర వెనుక నిర్ణయం తీసుకుందని తేల్చారు. 2016 మార్పుల తర్వాత భాగస్వామ్య సంఘాలు కలిస్తే బడ్జెట్‌ను తిప్పికొట్టవచ్చు, డైరెక్టర్ల బోర్డు మొత్తాన్నీ ఇంటికి పంపవచ్చు. ఐటీయూ నిర్ణయం మీద ఒక మామూలు వాడుకరి గానీ చిన్న కంపెనీ గానీ వేయగలిగిన ఇలాంటి వ్యాజ్యం లేదు.

చిక్కల్లా ఖర్చు దగ్గరే. పునఃపరిశీలన దరఖాస్తుకు, అంబుడ్స్‌మన్‌కు (ఫిర్యాదులు వినే అధికారికి) చేసే ఫిర్యాదుకు డబ్బు కట్టనక్కర్లేదు, కానీ వాటితో బోర్డు మెడలు వంగడం అరుదు. మెడలు వంచగల స్వతంత్ర సమీక్షకు మాత్రం అంతర్జాతీయ మధ్యవర్తిత్వంలో వాదించే లాయర్లను పెట్టుకోవాలి. కావలిలోనో కనిగిరిలోనో చందాలతో నడిచే సేవా సంఘానికి అది అయ్యే పని కాదు. భారత ప్రభుత్వం ఐకాన్‌లో గట్టిగా పట్టుబట్టాల్సింది కుర్చీల కోసం కాదు, ఈ ఖర్చు తగ్గించడం కోసం.