చెట్లకు ఆకులొచ్చేదాకా బాగానే ఉంది

మా ఆయన డాక్టరు. జే-1 వీసా వేవర్ (ట్రైనింగ్ అయ్యాక స్వదేశానికి తిరిగి వెళ్ళాలన్న నియమం నుంచి మినహాయింపు) కింద డాక్టర్లు తక్కువున్న ప్రాంతంలో మూడేళ్ళు పనిచేయాలి కాబట్టి అమెరికాలోని మిస్సోరీలో, ఓజార్క్ కొండల్లో ఉన్న ఒక చిన్న ఊరికి వచ్చి పడ్డాం. ఊరి చివర, ఓక్ చెట్ల మధ్య అద్దె ఇల్లు. ఫైబర్ ఇంటర్నెట్ కేబుల్ హైవే దగ్గరే ఆగిపోయింది. ఫోన్ సిగ్నల్ ఒక్క గీత, అదీ వంటింటి కిటికీ దగ్గర. నేను ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. నెట్ లేకపోతే ఉద్యోగం లేనట్టే.

మొదట పాత రకం శాటిలైట్ నెట్ పెట్టించాం. దాని ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మాట అక్కడికి ఎక్కి దిగడానికే పావు సెకను, జవాబు రావడానికి ఇంకో పావు. పింగ్, అంటే ఇలా వెళ్ళి రావడానికి పట్టే మొత్తం సమయం, 650 మిల్లీసెకన్లకు తగ్గేది కాదు. సినిమా చూడటానికి ఫర్వాలేదు. తెనాలిలో ఉన్న అమ్మతో వీడియో కాల్ మాత్రం నరకం. "తిన్నావా?" అని అడిగి, జవాబు రాలేదని మళ్ళీ అడిగేసరికి ఆవిడ జవాబు, నా రెండో ప్రశ్న గుద్దుకునేవి. ఇద్దరం ఒకేసారి ఆగి, ఒకేసారి "చెప్పు, చెప్పు" అనేవాళ్ళం.

జనవరిలో కొత్త రకానికి మారాం. వీటి ఉపగ్రహాలు 550 కిలోమీటర్ల ఎత్తులోనే, గంటకు దాదాపు 27,000 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటాయి. ఒకటి దాటిపోతుంటే ఇంకోటి అందుకుంటుంది. డిష్ కదలదు, లోపలి యాంటెన్నాలే సిగ్నల్‌ని అటూ ఇటూ తిప్పుతాయి. పింగ్ 40 దగ్గరికి వచ్చింది. అమ్మ మొదటిరోజే కనిపెట్టింది: "ఇవాళ నా మాటకి అడ్డం రావట్లేదేంటే?"

మూడు నెలలు హాయిగా గడిచాయి. ఏప్రిల్‌లో ఓక్ చెట్లు చిగురించాయి. ఇక చూడండి! నాలుగైదు నిమిషాలకోసారి నెట్ రెండు మూడు సెకన్లు పోయి వచ్చేది. రెండు సెకన్లే కదా అనుకోకండి. ఆ దెబ్బకి మా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే వీపీఎన్ కనెక్షన్ తెగుతుంది, మళ్ళీ పాస్‌వర్డ్, మళ్ళీ ఓటీపీ. ఒకరోజు ఉదయం పదకొండు సార్లు లెక్కపెట్టాను. యాప్‌లో చూస్తే, డిష్‌కి కనిపించే ఆకాశంలో ఉత్తరం వైపు ముక్క మొత్తం ఎర్రగా ఉంది, అంటే అడ్డం ఉందని. మేం బిగించినప్పుడు అక్కడ ఉన్నవి మోడు కొమ్మలు మరి.

కంపెనీకి చెబుదామంటే ఫోన్ నంబరే లేదు. టికెట్ పెడితే ఆరో రోజున "అడ్డంకులు లేనిచోట పెట్టండి" అని జవాబు. ఆ ముక్క నాకూ తెలుసు. చివరికి ఇంటి ఓనర్‌ని బతిమాలి, పెరట్లో ఇరవై అడుగుల ఇనప స్తంభం పాతించి డిష్‌ని దాని మీదకి ఎక్కించాం. డిష్ కంటే దానికే ఎక్కువైంది. కేబుల్‌ని ఉడతలు కొరక్కుండా పైపులో వేయించాం, అది వేరే ఖర్చు.

ఇప్పుడు పగలు 150 నుంచి 200 ఎంబీపీఎస్. రాత్రి ఎనిమిది దాటితే 40కి పడిపోతుంది, చుట్టుపక్కల కొండల్లో అందరూ అదే ఉపగ్రహాల మీద పడతారు కదా. మామూలు వానకి ఏమీ కాదు. పడమటి నుంచి నల్లమబ్బు వస్తే మాత్రం ఇంకా చినుకు పడకముందే పోతుంది, ఐదు పది నిమిషాలకి వస్తుంది. టోర్నడో హెచ్చరికలు చూసుకోవాల్సిందీ సరిగ్గా అప్పుడే! అందుకే వంటింటి కిటికీ దగ్గర బ్యాటరీ రేడియో పెట్టాను. కరెంటు కూడా తింటుంది: మాకు సగటున 70 వాట్లు, అంటే నెలకి 50 యూనిట్లు. ఇంకో తలనొప్పి, విడిగా పబ్లిక్ ఐపీ (బయటినుంచి మన ఇంటి నెట్‌ని చేరుకునే అడ్రసు) ఇవ్వరు. గేటు కెమెరాని బయటినుంచి చూడటానికి నానా తంటాలు పడ్డాను.

నెలకి 120 డాలర్లు. ఐదుకి మూడున్నర ఇస్తాను. ఆ సగం అమ్మ కాల్స్‌కి.

తెనాలి నుంచి మా తమ్ముడు "నేనూ ఈ శాటిలైట్ నెట్ తీసుకోనా అక్కా?" అంటాడు. వాడి గుమ్మంలో ఫైబర్ ఉంది, నెలకి ఆరొందలు కూడా కట్టడు. నీకెందుకురా అన్నాను. మాకు మాత్రం వచ్చే ఏడాది ఇల్లు మారాలి. ఈసారి ఫైబర్ ఉందా అని ముందే అడుగుతాను. లేదంటే ఆ ఇల్లు చూడటానికి జూన్‌లో వెళ్తాను, ఆకులన్నీ వచ్చాక.